బట్ట ముఖం మీద పెట్టని సూది

మా బిడ్డ పోయింది. ఎండాకాలం చివర, ఇంకా వాన చుక్క పడక ముందు, ఒక ఆదివారం పొద్దున పెబ్బేరు దగ్గర గుడ్డ విమానం కూలి పోయింది. మీలో కొందరు పేపర్లో చదివే ఉంటారు. నాలుగు వరుసలు రాశారు. గాలి ఎక్కువై రెక్క విరిగిందని రాశారు. నడిపే అతనికి దెబ్బలు తగిలాయని, సిబ్బందిలో ఒకరు చనిపోయారని రాశారు. ఆ ఒకరు మా బిడ్డ.

ఆ పొద్దున నేను గద్వాలలో మా ఇంట్లో కండెలు చుడుతున్నాను. ఫోను మోగింది. బిడ్డ నంబరే. ఎత్తగానే "తిన్నవానే?" అన్నాను. అటు నుంచి ఆమెతో పని చేసే మెకానిక్ భాయి గొంతు వచ్చింది.

"అమ్మా, జర నాయినకు ఇయ్యి ఫోను."

ఆయన ఎప్పుడు మాట్లాడినా ముందు నవ్వి తర్వాత మాట్లాడే మనిషి. ఆ రోజు నవ్వలేదు. "నాకే చెప్పు భాయి" అన్నాను. "నాయినకు ఇయ్యమ్మా" అన్నాడు మళ్ళీ. అంతే, నాకు తెలిసిపోయింది. మా ఆయన మగ్గం గుంటలో నుంచి లేచి వచ్చి ఫోను తీసుకునేదాకా నా చెయ్యి రాట్నం తిప్పుతూనే ఉంది. దారం ఎప్పుడు తెగిందో చూసుకోలేదు.

నేను నాలుగో తరగతి దాకే చదివాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి. బిడ్డ గురించి మంచి మాటలు రాయమని చాలామంది అన్నారు. రాస్తాను. కానీ చెప్పాల్సిన మాట ఒకటి వేరే ఉంది. అది మొదలే చెప్పే ధైర్యం నాకు లేదు. దాని దగ్గరికి మెల్లగా వస్తాను.

మాది చీరలు నేసే ఇల్లు. బిడ్డకు మగ్గం అబ్బలేదు, కుట్టు అబ్బింది. ఇంటర్ అయ్యాక కుట్టు మిషన్ నేర్చుకుంది. పెబ్బేరు అవతల మైదానంలో ఒక సారు రెండు చిన్న విమానాలు పెట్టి, వచ్చినవాళ్ళను ఎక్కించి తిప్పుతున్నాడని, ఆ రెక్కల గుడ్డకు మాసికలు వేసే మనిషి కావాలని ఎవరో చెప్పారు. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు మారి వెళ్ళి చూసింది. సాయంత్రం వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా చెప్పింది.

"అమ్మా, గది విమానమే గాదు. పైపులకు గుడ్డ తొడిగిండ్రు. దిండుకు గలీబు తొడిగినట్టు! పైన ఒక పొర, కింద ఒక పొర. గంతే."

"గుడ్డ మీద మనిషెట్ల ఎగురుతడే?"

"గుడ్డ మీదనే ఎగురుతరు. ఇంజను తోస్తది, గుడ్డ మోస్తది."

ఆ మాటకు నాకు భయం వేసింది. వద్దనబోయి ఆగాను. మేము ముప్పై ఏళ్ళ నుంచి బట్టను నమ్ముకుని బతికినవాళ్ళం. బట్టను నమ్మొద్దని బిడ్డకు ఏ నోటితో చెప్పాలి?

మా వాడలో ఒకామె ఉంది, బిడ్డకు అత్త వరుస. బస్సుకు పోతుంటే రోజూ ఆపేది. "ఏమే, విమానాలకు రైకలు కుడుతున్నవంట గద?" అనేది. మా బిడ్డ ఊరుకునేది కాదు. "అవునత్తా, నీ రైక కంటే అల్కగ ఉంది. నిరుడు తీసిన కొలత ఇయ్యేడు గూడ సరిపోతది" అనేది. ఆమె చెప్పు తీసేది, ఈమె ఉరికేది. ఆ నవ్వు సందు చివరి దాకా వినిపించేది.

మాసికలతో మొదలైన పని కొన్నాళ్ళకు పరీక్ష దాకా వెళ్ళింది. రెక్క గుడ్డకు బలం ఉందో లేదో పంటకొకసారి చూడాలట. బయటి నుంచి ఒకాయన వచ్చి రెండు రోజులు నేర్పాడు. చిన్న స్ప్రింగు కాటా ఉంటుంది, దానికి ఒక ఎర్ర గీత. మొద్దు సూదిని గుడ్డలో గుచ్చి, కాటాకు తగిలించి, గీత దాకా లాగాలి. అక్కడిదాకా లాగినా సూది బెజ్జం చిరగకపోతే గుడ్డ మంచిది. గీతకు ముందే చిరిగితే ఆ విమానం లేవకూడదు. చూశాక బెజ్జం మీద గుండ్రని గుడ్డ బిళ్ళ అంటించి, పుస్తకంలో రాయాలి.

ఆయన ఒక పాత రెక్క గుడ్డ ముక్కను టేబుల్ మీద పరిచి నేర్పాడని బిడ్డ చెప్పింది. అప్పుడు ఆ మాటను నేను చెవిన పెట్టలేదు. టేబుల్ మీద పరిచిన ముక్కకు పైన ఏది, కింద ఏది? లాగడం నేర్పాడు. ఎక్కడ గుచ్చాలో చెప్పాడో లేదో నాకు తెలియదు. చెప్పినా ఆయన భాష వేరు.

ఎక్కడ గుచ్చాలో చెప్పింది నేను.

మా ఇంట్లో చీర మగ్గం దిగాక, నూలు బట్టా పట్టు అంచూ కలిసే చోట గట్టిగా ఉందో లేదో సూది గుచ్చి లాగి చూస్తాం. ఎప్పుడు చూసినా నడుము దగ్గర దోపుకునే కొస వైపే, మడత లోపలే చూస్తాం. పైకి కనిపించే వైపు సూది పెట్టం. బిడ్డకు ఏడేళ్ళప్పుడు ఒకసారి తెలియక కొంగు మీద గుచ్చింది. నేను దాని చేతి మీద కొట్టాను. "బట్ట ముఖం మీద సూది పెట్టొద్దు. ముఖం మీద మచ్చ పడితే ఎవరు కొంటరే? లోపల్నే చూడాలె. లోపల గట్టిగుంటే అంతా గట్టిగున్నట్టే" అన్నాను.

మగ్గం మీది బట్టకు ఆ మాట నిజమే. ఒకే నీడలో, ఒకే చేతి కింద నేసిన బట్ట. లోపల ఎట్లుంటుందో బయటా అట్లే ఉంటుంది.

ఇంకొక మాట మా అత్తది. కొత్త రకం చీర మొదటిది దిగితే, చీరలు కొనే సేటుకు పంపే ముందు ఇంటి ఆడమనిషి భుజం మీద ఒకసారి వేసుకునేది. "మనం కప్పుకోని బట్ట మంది మీద కప్పొద్దు" అనేది ముసలామె. మా బిడ్డ ఆ మాటను మైదానానికి తీసుకుపోయింది. పరీక్ష చేసిన విమానం మొదటిసారి లేచినప్పుడు తానే ఎక్కి కూర్చునేది. ఎవరూ అడగలేదు. "నేను మంచిదని రాసిన గుడ్డ మీద నేను ఎక్కకుంటే ఎట్ల సార్?" అందట. సారు మెచ్చుకున్నాడు. మేమూ మెచ్చుకున్నాం.

ఈ రెండు మాటలూ మా ఇంటివే. రెండూ కలిసి మా బిడ్డను ఎక్కడ కూర్చోబెట్టాయో మీకు అర్థమయ్యే ఉంటుంది.

పనిలో అది చాలా శ్రద్ధ గల పిల్ల. తొందర పడేది కాదు. ఎవరు ఏ బట్ట చూపించి గట్టిదన్నా, "లాగకముందు ప్రతి బట్టా గట్టిదే" అనేది. ఇంట్లో నాయినతో కూడా అదే. ఆయన ఎవరో పెద్దమనిషిని మంచివాడని పొగిడితే, "లాగి చూసినవా నాయినా?" అని అడిగేది. కాటాను పాత పట్టు ముక్కలో చుట్టి సంచిలో పెట్టుకునేది, తేమ తగలకూడదని. అన్నం డబ్బా మరిచిపోయేది కానీ అది మరిచేది కాదు.

నిరుడు వేసవిలో గాలిదుమారం వచ్చి మైదానంలో షెడ్డు రేకులు లేచిపోయాయి. మళ్ళీ వేస్తామన్నారు, వేయలేదు. రెండు విమానాలూ ఎండలోనే నిలబడ్డాయి. ఆ వేసవి పోయింది. ఈ వేసవి వచ్చింది. పాలమూరు ఎండ సంగతి నేను చెప్పాలా? మేము పట్టును నీడలో ఆరేస్తాం. ఒక్క మధ్యాహ్నం మరిచిపోయి ఎండలో వదిలితే సాయంత్రానికి పోగు పెళుసెక్కుతుంది. ఇది నాకు తెలుసు. ఇది తెలిసి కూడా నేను ఏమీ అనలేదు.

ఒకసారి బిడ్డ నన్ను తీసుకుపోయింది. చనిపోవడానికి నెల ముందు. అన్నం, పచ్చిపులుసు కట్టుకుని పోయాం. విమానాలు రెండూ నీలం రంగువి. దగ్గరికి వెళ్ళి రెక్క మీద చెయ్యి పెట్టాను. చెయ్యి తీస్తే అరచేతికి నీలం పిండి అంటింది.

"బిడ్డా, రంగు ఊడుతున్నది గదే."

"రంగు గాదమ్మా, దుమ్ము. లారీల దుమ్ము అంతా ఈడికే వస్తది."

దుమ్ము నీలంగా ఉంటుందా? రంగు పిండిగా రాలుతోందంటే కింద పోగు చచ్చిపోతోందని అర్థం. కండెలు చుట్టే నాకు ఇది ఒకరు చెప్పాలా? కానీ ఇది పట్టు కాదు, నూలు కాదు, ఏదో ఫ్యాక్టరీ గుడ్డ, నాకేం తెలుసు, చదువుకున్నవాళ్ళు ఉన్నారు కదా అనుకున్నాను. కొంగుకు చెయ్యి తుడుచుకున్నాను.

తర్వాత బిడ్డ పరీక్ష ఎట్లా చేస్తుందో చూపించింది. పక్కన స్టూలు ఉంది. ఎక్కలేదు. వంగి రెక్క కిందికి పోయి, కింది పొర మీద, కుట్టు మడత పక్కన, ఎవరి కంటా పడని చోట సూది గుచ్చింది. ఎర్ర గీత దాటేదాకా లాగింది. గుడ్డ చెక్కు చెదరలేదు. బెజ్జం మీద బిళ్ళ అంటించి, గోటితో అంచులు నొక్కి, నా వైపు చూసింది.

"ఏంది, మంచిగ చేసిన్నా?"

నేను ఏమన్నానో వినండి. "మన ఇంటి పనితనం" అన్నాను. "ముఖం మీద మచ్చ లేకుంట చూసినవ్, శభాష్" అన్నాను. మెకానిక్ భాయితో కూడా చెప్పాను, "చూసినవా భాయి, నా బిడ్డ పని" అని. ఆయన నవ్వి, "అరే, ఉస్తాద్ నువ్వేనా అమ్మా!" అన్నాడు.

ఆ రోజు తినేటప్పుడు గాలి పెద్దగా లేదు. అయినా పక్కన నిలబడ్డ విమానం రెక్క పైపొర దానంతట అదే చిన్నగా టపటపమంది. నేను అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని దాని వైపే చూశాను. బిడ్డ పచ్చిపులుసు పోస్తూ ఏదో చెబుతోంది. ఏం చెప్పిందో గుర్తు లేదు. ఆ టపటప గుర్తుంది.

నెల తర్వాత ఫోను వచ్చింది.

మట్టి చేశాక మూడో రోజు వనపర్తి దవాఖానకు పోయాను. విమానం నడిపిన అతను అక్కడే ఉన్నాడు. తుంటి విరిగింది. నన్ను చూసి ముఖం గోడకు తిప్పుకున్నాడు. నేను మంచం పక్కన కూర్చున్నాను.

"నీది తప్పని నేనంటలేను కొడుకా. ఎట్లైందో చెప్పు. అంతే."

గోడ వైపు చూస్తూనే చెప్పాడు. "గాలి లేదమ్మా. పరీక్షైనంక మొదటిసారి లేపినం. మంచిగనే పోతున్నం. అక్క కిందికి చూపిస్తున్నది, అగో చెరువు, అగో రంగాపూర్ గుడి అని. గప్పుడు పైన చప్పుడైంది. పాత చీర చింపినట్టు, పర్రుమని. చివరి దాకా చింపినట్టు. అక్క తల పైకెత్తి చూసింది. 'అయ్యో, పైన' అన్నది. గంతే."

"కింది గుడ్డ?"

"కిందిది ఏం గాలేదమ్మా. కిందపడ్డంక గూడ కింది గుడ్డ గట్లనే ఉండె. పైదే లేచిపాయె."

నేను దవాఖాన మెట్ల మీద కూర్చుండిపోయాను. తప్పు గాలిది కాదు, అతనిది కాదు. ఎండ గుడ్డ ముఖం మీద, పైపొర మీదే కొట్టింది. సూది వీపు మీద, కింది పొర మీదే పెట్టింది బిడ్డ. "అయ్యో, పైన" అన్నప్పుడు నా బిడ్డకు అర్థమైందా అని రోజూ అడుగుతాను. అర్థం కాకుండానే పోయి ఉండాలని దండం పెట్టుకుంటాను.

పదకొండో రోజు సారు మా ఇంటికి వచ్చాడు. బిడ్డ రాసిన పుస్తకం తెచ్చి అందరి ముందు తెరిచాడు. "మీ అమ్మాయి పనిలో వంక లేదమ్మా. చూడండి, రెండు విమానాలకూ 'గుడ్డ మంచిది' అని రాసి సంతకం పెట్టింది. గాలి చేసిన పనికి ఎవరేం చేస్తారు?" అన్నాడు. వచ్చినవాళ్ళంతా తలలూపారు. ఎంత శ్రద్ధ గల పిల్ల అన్నారు. మా ఆయన మొదటిసారి ఆ రోజే ఏడ్చాడు. ఆ ఏడుపులో కొంచెం గర్వం ఉంది. నేను నోరు మూసుకున్నాను. పోయిన పిల్లకు మిగిలింది ఆ మంచిపేరు ఒక్కటే. అది చెరపడానికి నాకు చేతులు రాలేదు.

అట్లనే మూసుకుని ఉండేదాన్నేమో. కానీ ఒక బుధవారం మెకానిక్ భాయి బిడ్డ సంచి ఇవ్వడానికి వచ్చాడు. నీళ్ళు తాగుతూ చెప్పాడు.

"రెండో విమానం అమ్మిండు సారు. శుక్రవారం కొన్నాయన వస్తడంట. ఈడికెల్లి ఎగరేసుకొనే పోతడంట."

"అది లేస్తదా?"

"ఎందుకు లేవదమ్మా? ఇంజను నేను చూసిన. గుడ్డ పాప చూసిందే గద. ఏం డర్ లేదు."

గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. పాప చూసిందే గద. ఆ మాట రెండు రోజులు ఇంట్లో తిరిగింది.

శుక్రవారం పొద్దున నేను చీర మార్చుకుంటుంటే మా ఆయన తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. దవాఖానలో విన్నది ఆయనకు ఆ పొద్దునే చెప్పాను.

"పోవద్దు. సచ్చిన పిల్లను మళ్ళ సంపుతవా? రేపటికెల్లి ఊరంత ఏమంటరు? గా పిల్లకు పని రాకపాయె, గందుకే సచ్చె అంటరు."

"అననీ."

"నీ నోటితోని చెప్తవా గా మాట?"

"ఇంకొకరి తల్లికి గూడ ఫోను రావాల్నా?"

ఆయన చెప్పులు వేసుకుని, నా కంటే ముందు బయటికి నడిచాడు. బస్సు బీచుపల్లి వంతెన ఎక్కినప్పుడు ఆయన కృష్ణమ్మకు దండం పెట్టాడు. నేను పెట్టలేదు. సంచిని పట్టుకుని కూర్చున్నాను.

మేము వెళ్ళేసరికి ఇంజను తిరుగుతోంది. కొన్నాయన ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాడు. నెరిసిన మీసాలు, టోపీ చేతిలో. నేను నేరుగా వెళ్ళి రెక్క ముందు నిలబడ్డాను. ఇంజను ఆపారు.

"అమ్మా, మీరెందుకొచ్చారు?" అన్నాడు సారు.

"గుడ్డ చూడాలె సార్."

"చూసే ఉంది కదమ్మా. పుస్తకంలో ఉంది. మీ అమ్మాయే..."

"నా బిడ్డ కింద చూసింది. పైన చూడలే."

"ఎవరీమె?" అన్నాడు కొన్నాయన. మెకానిక్ భాయి ఆయన చెవిలో చెప్పాడు. ఆయన టోపీ కింద పెట్టాడు. "చూడనివ్వండి" అన్నాడు.

సంచిలో నుంచి పట్టు ముక్క విప్పి కాటా తీశాను. స్టూలు ఎక్కాను. మా ఆయన స్టూలు కాళ్ళు పట్టుకున్నాడు. రెక్క ముఖం నా ముందు పరుచుకుని ఉంది. ఎండకు కాలిపోతోంది. సూది పెట్టబోతే నా చెయ్యి రాలేదు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఎన్నడూ ముఖం మీద సూది పెట్టినదాన్ని కాదు. తప్పు చేస్తున్నట్టే అనిపించింది. కళ్ళు మూసుకుని గుచ్చాను.

లాగాను. కాటాలో ముల్లు సగం దూరం కూడా పోలేదు. గుడ్డ అప్పడంలా విరిగింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. ఇంకో చోట గుచ్చాను. అదే. మూడో చోట లాగకుండానే సూది బరువుకే చిరిగింది.

కొన్నాయన వచ్చి ఆ చిరుగులో వేలు పెట్టాడు. వేలు కదిలించలేదు, ఊరికే పెట్టాడు. చిరుగు దానంతట అదే జానెడు నడిచింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, నీలం పిండి అంటిన వేలును చూసుకుంటూ మట్టిలో కూర్చుండిపోయాడు. సారు పుస్తకం మూసేశాడు. మెకానిక్ భాయి "యా అల్లా" అని తల పట్టుకున్నాడు.

"రాసుకో సార్" అన్నాను. "నా బిడ్డ తప్పు చోట చూసింది. లోపల్నే చూడాలని చెప్పింది నేను. ఇద్దరి పేర్లు రాయి."

ఇదే నేను మీకు చెప్పాల్సిన మాట. ఎండలో ఉండే బట్టను ఎండ పడే వైపే గుచ్చి చూడండి. మచ్చ పడితే పడనీయండి. నా బిడ్డ శ్రద్ధలో లోపం లేదు. నేను నేర్పిన చోటే లోపం ఉంది.

స్టూలు దిగి, నీడ కోసం రెక్క కిందికి పోయి నిలబడ్డాను. పైన నేను చింపిన చోటి నుంచి ఎండ లోపలికి దిగి, కింది పొర అంతా వెలిగిపోతోంది. ఆ వెలుగులో కుట్టు మడత వెంట, నల్లగా, గుండ్రంగా, వరుసగా మా బిడ్డ అంటించిన బిళ్ళలు. ఒక్కటి కూడా అంచు లేవలేదు.